ఇత్తడికి పట్టే మూడు రకాల మురికి: తూటా షెల్లు నుంచి బుడితి బిందె దాకా

ఇత్తడి మీద కనిపించే నలుపంతా ఒకటే కాదు. దీపపు కుందికి పట్టిన నూనె జిడ్డు ఒకటి. కట్టెల పొయ్యి మీద కాగిన బిందెకు అంటిన మసి మరొకటి. అటక మీద ఏడాదిపాటు ఎవరూ ముట్టుకోకపోయినా చెంబు తనంతట తానే రంగు మారడం ఇంకొకటి. దసరాకో, సంక్రాంతికో సామానంతా వాకిట్లోకి దించి మూడింటినీ ఒకే చింతపండు ముద్దతో, ఒకే పీచుతో, ఒకే బలంతో తోమేస్తాం. సామాను మెరుస్తుంది కాబట్టి పని బాగా జరిగిందనే అనిపిస్తుంది. కానీ అవసరానికి మించి చెయ్యి నొప్పి పుడుతుంది, అవసరానికి మించి లోహమూ అరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితిలో చేసిన ఇత్తడి, కంచు సామానుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంత పేరున్న పనితనాన్ని తప్పుడు తోమకంతో అరగదీసుకోవడం బాధాకరం.

ఇత్తడిని ఎలా శుభ్రం చేయాలన్న ప్రశ్న మీద అందరికంటే ఎక్కువ బుర్ర పెట్టినవాళ్లు వంటింటి మనుషులు కారు, తుపాకీ గురి పోటీల వాళ్లు. అమెరికాలో, యూరప్‌లో కొన్ని దేశాల్లో పేలిన తూటా తాలూకు ఇత్తడి షెల్లును పారేయరు. దానికి కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూత) బిగించి, తుపాకీ మందు పోసి, కొత్త బుల్లెట్ అమర్చి మళ్లీ వాడతారు. మంచి రైఫిల్ షెల్లు ఇలా చాలాసార్లు వాడకానికి వస్తుంది. మన దేశంలో ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. 1959 ఆయుధాల చట్టం కింద మందుగుండు తయారీకి లైసెన్సు ఉండాలి. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఎన్‌సీసీ పిల్లలు కాల్చే .22 తూటా అయితే ఎక్కడా మామూలుగా తిరిగి నింపేది కాదు, ఎందుకంటే దాని ప్రైమర్ మందు షెల్లు అంచులోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ మనకు పనికొచ్చేది తూటా నింపడం కాదు. ఆ పనికోసం వాళ్లు ఇత్తడిని శుభ్రం చేస్తూ తెలుసుకున్న సంగతులు.

షెల్లుకు వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. జింకు ఈ పాళ్లలో ఉన్నప్పుడు లోహం బాగా సాగుతుంది. రేకును గొట్టంలా లోతుగా లాగినా చిరగదు. బిందెలు, చెంబులు చేసే రేకు ఇత్తడిదీ ఇదే గుణం. అందుకే షెల్లు విషయంలో నిజమైనది చాలామటుకు బిందె విషయంలోనూ నిజమే.

షెల్లుకు పట్టేదీ మూడు రకాల మురికే. పేలిన మందు తాలూకు మసి లోపల ఉంటుంది. పైన చేతి జిడ్డు, పేలినప్పుడు ఉబ్బిన షెల్లును మళ్లీ సైజుకు నొక్కేటప్పుడు రాసిన కందెన ఉంటాయి. గాలికి, చెమటకు ఏర్పడిన నల్లటి, గోధుమరంగు పొర వేరు. ఇవి చాలవన్నట్టు మన గిన్నెల మీద ఉండనిది ఒకటి ఉంటుంది: సీసం. మామూలు ప్రైమర్లలో సీసపు లవణం ఉంటుంది కాబట్టి పేలిన ప్రతి షెల్లులోనూ కాస్త సీసపు దుమ్ము మిగులుతుంది. ఆ పనికి వంటింటి గిన్నెలు వాడకూడదని, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలని గట్టిగా చెప్పేది అందుకే.

వాళ్ల పద్ధతుల్లో పాతది పొడి పద్ధతి. గిన్నెలాంటి యంత్రంలో షెల్లులు వేసి, వాటి మీద దంచిన మొక్కజొన్న బెండు గానీ వాల్‌నట్ పెంకుల నూక గానీ పోస్తారు. యంత్రం గంటల తరబడి సన్నగా వణుకుతూ ఉంటుంది. నూక రాసుకుని రాసుకుని జిడ్డును పీల్చుకుంటుంది, పై పొరను తీసేస్తుంది. బెండు నూక మెత్తన, మెరుపునిస్తుంది. పెంకు నూక గరుకు, మురికి త్వరగా వదిలిస్తుంది. నీళ్లు లేవు కాబట్టి ఆరబెట్టే బాధ లేదు. కానీ లోపలి మసి పూర్తిగా పోదు, పైగా నూకను జల్లించేటప్పుడు లేచే దుమ్ములో ఆ సీసం ఉంటుంది. మూత తీయకుండా తిప్పండి, ఆరుబయట జల్లించండి అన్న జాగ్రత్తలన్నీ ఆ దుమ్ము కోసమే.

ఉత్తరాంధ్రలో మొక్కజొన్న బెండుకు కొదవ లేదు. ఎండిన బెండును రవ్వగా దంచి, జిడ్డు పట్టిన చిన్న ఇత్తడి సామాను మీద పొడి గుడ్డతో రుద్దితే అది జిడ్డును బాగా పీలుస్తుంది, గీత కూడా పెట్టదు. పెంకు కావాలి కదా అని పలాస వైపు గుట్టలుగా దొరికే జీడి తొక్కను వాడాలని చూస్తే మాత్రం ప్రమాదం. దాని నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలు లేపుతుంది. ఇత్తడికి కొత్త జిడ్డు పట్టించడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

తర్వాత వచ్చినది తడి పద్ధతి, ఇప్పుడు చాలామంది దీనివైపే మొగ్గుతున్నారు. పక్కకు తిరిగే డ్రమ్ములో షెల్లులు, నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పొడి), వీటితోపాటు మిల్లీమీటరు మందం, అర అంగుళం కూడా లేని పొడవు ఉన్న సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు పుల్లలు వేస్తారు. గంటన్నర, రెండు గంటలు తిరిగేసరికి షెల్లు లోపలా బయటా కొత్తదానిలా వస్తుంది. ప్రతి వస్తువూ తన వంతు పని చేస్తుంది. సబ్బు జిడ్డును నీటిలో కలుపుతుంది. నిమ్మ ఉప్పు రంగు మారిన పొరను కరిగిస్తుంది. పుల్లలు చెయ్యి దూరని చోటికి వెళ్లి మసిని గీకుతాయి. మూడు మురికులకు మూడు మందులు, ఒకే డ్రమ్ములో.

దీనికీ లోపాలున్నాయి. ఎక్కువసేపు తిప్పితే షెల్లు మూతులు ఒకదానికొకటి తగిలి అంచు నలిగి మందమవుతుంది. పుల్ల ఒకటి లోపల ఇరుక్కుని కనబడకుండా ఉండిపోవచ్చు. లోపల తడి మిగిలితే తర్వాత పోసే మందు చెడుతుంది. ఆరబెట్టడం కోసం కొందరు ఓవెన్‌లో పెడతారు, అక్కడ వేడి నీళ్లు మరిగే వేడి దాటకుండా చూసుకోవాలి. ఇత్తడి 250 డిగ్రీల పైకి వెళితే మెత్తబడటం మొదలవుతుంది. రైఫిల్ షెల్లు చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా ఒత్తిడిని తట్టుకోవాలి. దాని అడుగు భాగం మెత్తబడితే కాల్చేవాడి ముఖానికే ముప్పు.

మూడోది అల్ట్రాసోనిక్ తొట్టి. కళ్లజోళ్ల షాపులో, బంగారు నగల షాపులో చూసే చిన్న తొట్టి లాంటిదే. సెకనుకు 40,000 సార్లు నీటిని కంపింపజేస్తుంది. ఆ కంపనానికి నీటిలో కంటికి కనిపించని బుడగలు పుట్టి, పగిలి, ఆ దెబ్బకు మురికి ఊడుతుంది. సందుల్లోకి, గొట్టాల్లోకి ఇది వెళ్లినట్టు ఇంకేదీ వెళ్లదు. అయితే తొట్టిలోంచి తీసిన షెల్లు మెరవదు, శుభ్రంగా ఉండి కూడా మసకగానే కనిపిస్తుంది. అదే షెల్లును బెండు నూకలో ఒక గంట తిప్పితే తళతళలాడుతుంది, లోపల మసి మాత్రం అలాగే ఉంటుంది. శుభ్రం వేరు, మెరుపు వేరు అని ఈ రెండు షెల్లులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అనుభవం ఉన్న గురికాళ్లలో చాలామంది మెరుపు గురించి పట్టించుకోరు. ఇసుక రేణువు పోయిందా, పగులు ఉంటే కనబడుతోందా, ఈ రెండే చూస్తారు. మన ఇళ్లలో కూడా ఈ చూపు రావాలి.

పులుపు ఏం చేస్తుంది?

రాగి, జింకు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఆక్సైడ్ పొర అవుతాయి. భావనపాడు, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో గాలితోపాటు ఉప్పు తేమ కూడా వస్తుంది కాబట్టి పొర త్వరగా పడుతుంది, ఒక్కోసారి పచ్చటి కిలుముగా కూడా మారుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, పుల్ల మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉన్నాయి. ఇవన్నీ ఆక్సైడ్‌ను కరిగిస్తాయి, కింది లోహం మీద మాత్రం నెమ్మదిగా పనిచేస్తాయి. ఈ తేడాయే పులుపును మంచి మందుగా చేసింది. మన పెద్దవాళ్లు ఎంచుకున్న పదార్థం సరైనదే, దానిలో సందేహం లేదు.

చిక్కంతా వరుసలోను, సమయంలోను ఉంది. నూనె జిడ్డు మీద పులుపు రాస్తే అది లోపలికి దిగదు. నువ్వుల నూనె దీపం కుంది మీద నెలల తరబడి ఎండి బంకలా గట్టిపడుతుంది. దాని మీద ఎంత చింతపండు రుద్దినా జారిపోతుంది, అప్పుడు కోపంతో ఇటుక పొడి అందుకుంటాం. అదే కుందిని ముందు బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెడితే బంక మెత్తబడి గుడ్డతోనే ఊడొస్తుంది. ఆ తర్వాత పులుపు రాస్తే రెండు మూడు నిమిషాల్లో రంగు తిరుగుతుంది. కార్తీక మాసం అయ్యాక దీపపు సామానంతటికీ ఈ వరుస పాటిస్తే రాపిడి అవసరమే ఉండదు.

రాత్రంతా పులుపులో నానబెట్టడం మరో పొరపాటు. పొర కరిగిపోయాక ఆమ్లానికి మిగిలేది లోహమే. రాగికంటే జింకు త్వరగా లొంగుతుంది. జింకు బయటికి పోతూ ఉంటే పైన రాగి మిగిలి, సామాను అక్కడక్కడా గులాబీ రంగులోకి తిరుగుతుంది. షెల్లులను సిట్రిక్ ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచినప్పుడు వచ్చే గులాబీ మచ్చలూ ఇవే. కాస్త మచ్చ పైపైనే ఉంటే మళ్లీ పాలిష్‌తో పోతుంది. మళ్లీ మళ్లీ జరిగితే ఆ చోట లోహం గుల్లబారుతుంది. లీటరు గోరువెచ్చటి నీటికి ఒక చెంచా నిమ్మ ఉప్పు, అయిదు నుంచి పది నిమిషాలు. ఇంటి సామానుకు అంతకు మించి అక్కర్లేదు.

ఉప్పు కలిపితే పులుపు మరింత చురుగ్గా పనిచేసే మాట నిజమే. కానీ సందుల్లో మిగిలిన ఉప్పు తేమను పిలుచుకుని మళ్లీ కిలుము పుట్టిస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు లేకుండా కానివ్వడమే మేలు. ఇక బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను ఇత్తడి మీద పోయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. క్షణంలో మెరుపు వస్తుందని కొందరు దీన్ని గొప్ప చిట్కాగా చెబుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పొరనూ లోహాన్నీ కలిపి తినేస్తుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వదిలిన క్లోరైడ్ వారం తిరక్కుండానే సామాను మీద పచ్చటి మచ్చలు లేపుతుంది.

గుర్రపుశాల నేర్పినది

బ్రిటిష్ పాలన కాలంలో మన దేశంలో సైన్యానికి ఒక వింత సమస్య ఎదురైంది. పెట్టెల్లో భద్రంగా పెట్టిన తూటాలు వానాకాలం గడిచేసరికి మూతి దగ్గర పగిలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కింద పడేయలేదు. ఆ తూటాలు తరచూ గుర్రపుశాలల్లోనో వాటి పక్కనో నిల్వ ఉండేవి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే లోహ శాస్త్రజ్ఞులు దీని కారణాన్ని వివరించారు. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా వానాకాలపు తేమతో కలిసి ఇత్తడి మీదికి చేరుతుంది. రాగి అమ్మోనియాకు చాలా తేలిగ్గా లొంగి నీలిరంగు ద్రవంగా కరుగుతుంది. దానికి తోడు, షెల్లు మూతిని నొక్కి తయారుచేసేటప్పుడు లోహంలో బిగుతు మిగిలిపోతుంది. బిగుతుగా ఉన్న చోట అమ్మోనియా తగిలితే సన్నటి పగులు మొదలై లోపలికి సాగుతుంది. పరిష్కారం కూడా దొరికింది: తయారయ్యాక షెల్లును మోస్తరుగా వేడిచేస్తే ఆ బిగుతు సడలుతుంది, పగుళ్లు ఆగుతాయి.

ఈ కథ మన జిల్లాలకు చాలా దగ్గరిది. పల్లెల్లో ఎన్నో ఇళ్లలో పాత బిందెలు, గంగాళాలు పశువుల శాల అటక మీదే ఉంటాయి. లేదంటే యూరియా బస్తాలు పేర్చిన గది మూలలో ఉంటాయి. పశువుల మూత్రం నుంచి, తడిసిన యూరియా నుంచి వచ్చేదీ అదే అమ్మోనియా. నాగావళి, వంశధార పరివాహక ఊళ్లలో వానాకాలపు తేమ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. బిందె మెడ దగ్గర, అంచు మడత దగ్గర లోహం బాగా వంగి ఉంటుంది కాబట్టి బిగుతు అక్కడే ఎక్కువ. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన బిందెకు దెబ్బ ఏదీ తగలకుండానే మెడ దగ్గర వెంట్రుక మందం పగులు కనబడితే, రేకు నాసిరకం అని కంచరివాళ్లను నిందించే ముందు బిందె ఎక్కడ ఉండేదో ఆలోచించాలి. పోత పోసిన కుందులు, గంటల్లో ఈ బిగుతు తక్కువ కాబట్టి వాటికి భయమూ తక్కువే.

షెల్లులు తిరిగి వాడేవాళ్లకు పెద్దలు మొదట చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, అమ్మోనియా కలిసిన పాలిష్ వాడొద్దని. సీసాల్లో వచ్చే లోహపు పాలిష్‌లలో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, మూత తీయగానే ముక్కుకు ఘాటు కొడుతుంది. బొమ్మకో తలుపు గడియకో అప్పుడప్పుడు వాడి, వెంటనే తుడిచేస్తే పెద్ద నష్టం లేదు. బిందె మెడకు రాసి, సందుల్లో తెల్లగా ఎండిపోయేలా వదిలేయడం మంచిది కాదు. కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం కూడా అమ్మోనియా లవణమే. తగరం అంటుకోవాలంటే అది తప్పదు, కానీ కళాయి వేసిన గిన్నెను ఆ రోజే లోపలా బయటా మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి.

కళాయి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తగరం చాలా మెత్తటి లోహం. కళాయి ఉన్న గిన్నె లోపల బూడిద, ఇటుక పొడి, స్టీలు పీచు ఏవీ పనికిరావు. మెత్తటి గుడ్డ, గిన్నెల సబ్బు చాలు. లోపల పసుపు రంగు బయటపడిందంటే కళాయి పోయినట్టే. ఆ గిన్నెలో పులుసు కాచకూడదు, చింతపండు రాగిని వంటలోకి దించేస్తుంది. తోమేటప్పుడు మేలు చేసిన గుణమే అక్కడ కీడు చేస్తుంది.

బూడిదలో తేడాలు

పొయ్యి బూడిద అంతా ఒకటే అనుకోవడం పొరపాటు. కట్టెల బూడిదలో క్షార గుణం ఉంది, అది జిడ్డును సబ్బులా మార్చి వదిలిస్తుంది. జల్లెడ పట్టిన కట్టెల బూడిద ఇత్తడికి నిజంగా మంచి మందు. రైస్ మిల్లుల నుంచి వచ్చే ఊక బూడిద సంగతి వేరు. దానిలో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. ఇత్తడికంటే అది చాలా గట్టిది. దాంతో రుద్దిన ప్రతిసారీ వేల సన్న గీతలు పడతాయి. అవి ఆ రోజు మెరుపులాగే కనిపిస్తాయి, కానీ గీతల్లో తేమ నిలిచి మరుసటి నెలకే సామాను ఇంకా త్వరగా నల్లబడుతుంది. పాత గిన్నెల మీద చెక్కిన పేర్లు, లతలు చెరిగిపోవడానికి కాలం ఒక్కటే కారణం కాదు, ఈ రాపిడికీ అందులో పెద్ద వాటా ఉంది.

షాపుల్లో దొరికే పీతాంబరి లాంటి పొడులు వాడేవాళ్లు పొడి రాసి వెంటనే కడిగేస్తే చాలు, గట్టిగా రుద్దడం దండగ. కొత్త అలంకరణ సామాను మీద తరచూ లక్కలాంటి పారదర్శకమైన పూత ఉంటుంది. వాటిని తడిగుడ్డతో తుడవాలి, అంతే. పులుపు తగిలితే పూత అక్కడక్కడా ఊడి, ఊడిన చోట మాత్రమే నల్లబడి, సామాను మచ్చలమయం అవుతుంది. దేవుడి విగ్రహాలు, తాతల నాటి గంటల మీద సమంగా పరుచుకున్న గోధుమరంగు పొర ఉంటే దాన్ని వదిలేయడమే తెలివైన పని. ఆ పొర కింది లోహాన్ని కాపాడుతోంది. తీయాల్సింది పొడిగా రాలే పచ్చటి కిలుమునే.

ఏ పద్ధతిలో తోమినా చివరి రెండు పనులే సామాను ఎన్నాళ్లు మెరుస్తుందో తేలుస్తాయి. మొదటిది కడగడం. పులుపు మిగలకుండా రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట ఆఖరి కడుగుకు వాన నీళ్లో తాగే నీళ్లో వాడితే తెల్ల మచ్చలు పడవు. రెండోది ఆరబెట్టడం. ఎండలో పెట్టే ముందే పొడి నూలు గుడ్డతో తుడవాలి. నీటి బొట్టు తనంతట తాను ఎండితే దాని అంచు గుండ్రటి మచ్చగా నిలిచిపోతుంది. బిందె బోర్లించి పెడితే లోపలి తేమ బయటికి రాదు, పక్కకు వాల్చి గాలి ఆడేలా ఉంచాలి.

వాడని సామానుకు పలచగా కొబ్బరి నూనె రాసే అలవాటు కొందరికి ఉంది. నెల రోజులకు ఫరవాలేదు. ఏడాదికైతే ఆ నూనే బంక అవుతుంది. దానికి బదులు మైనం పలచగా పూసి గుడ్డతో మెరుగుపెడితే తేమ అంటదు. దాచేటప్పుడు పాత నూలు చీర ముక్కలో చుట్టి, శాలకు, ఎరువుల గదికి దూరంగా పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపల చెమర్చి అదే తేమ తిరిగి సామానునే పట్టుకుంటుంది.

తోమిన నీళ్ల సంగతి కూడా చూడాలి. పులుపు నీళ్లు పచ్చగానో నీలంగానో మారాయంటే వాటిలో కరిగిన రాగి ఉంది. ఇంటి వరకు అది కొంచెమే, డ్రైనేజీలో పోసినా ఫరవాలేదు. బావి గట్టు మీద, చేపలున్న చెరువులో మాత్రం పోయకూడదు, రాగి కొద్ది మోతాదులోనే చేపలను చంపగలదు. షెల్లులు కడిగిన నీళ్లలో అయితే రాగితోపాటు సీసమూ ఉంటుంది. రోజూ వందల గిన్నెలకు మెరుగుపెట్టే పనిశాలల్లో పొడిగా రుద్దే చక్రం దగ్గర కూర్చునేవాళ్లకు ముక్కుకు మాస్కు తప్పనిసరి. పోత ఇత్తడిలో, పని సులువుగా సాగడం కోసం తరచూ కొద్దిపాళ్ల సీసం కలుపుతారు, ఆ ధూళిలో అది ఉంటుంది. ఆ చక్రం దగ్గర నేలను పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిస్తే ధూళి గాలిలోకి లేవదు. పనిబట్టలను ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతక్కూడదు.